టోటోచాన్ పెద్దయ్యాక

చిరంజీవులు బుజ్జికి, నానికి,

తాతయ్య ఆశీస్సులు. "ఆ అమ్మాయి పెద్దయ్యాక ఏమైంది తాతయ్యా?" అని అడిగారు. టోటోచాన్ పెద్దయ్యాక తన చిన్ననాటి బడి గురించి తనే రాసిన 'రైలుబడి' పుస్తకం చదివిన పిల్లలు అడగాల్సిన ప్రశ్నే ఇది. పాత రైలుపెట్టెల్లో కూర్చుని చదువుకున్న ఆ అల్లరి పిల్ల ఇంకా మీ పక్కనే తిరుగుతోందన్నమాట.

ఆమె అసలు పేరు కురోయానగి టెట్సుకో. 1933లో టోక్యోలో పుట్టింది. జపాన్‌లో టీవీ ప్రసారాలు మొదలైన 1953లోనే ఎన్‌హెచ్‌కే అనే అక్కడి ప్రసార సంస్థలో నటిగా చేరింది. తర్వాత 1976 ఫిబ్రవరి 2న ఇప్పుడు టీవీ అసాహీ అని పిలిచే ఛానెల్‌లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరు 'టెట్సుకో నో హేయా', అంటే టెట్సుకో గది. గదిలాగే అమర్చిన సెట్టు, సోఫాలు, ఒక అతిథి, ఉల్లిపాయలాంటి పెద్ద కొప్పుతో ఈవిడ. పోటీలు, బహుమతులు ఏమీ ఉండవు. పగటిపూట అరగంటసేపు కబుర్లు చెప్పుకుంటారు, అంతే. మొదటి అతిథి మోరిషిగే హిసాయా అనే పేరున్న నటుడు. ఆ తర్వాత నటులు, రచయితలు, ఆటగాళ్లు ఎందరో ఆ సోఫాలో కూర్చున్నారు. 2011లో గిన్నిస్ వాళ్లు లెక్కగట్టి, ఒకే వ్యక్తి నడిపిన ముచ్చట్ల కార్యక్రమాల్లో ఎక్కువ భాగాలు వచ్చింది ఇదేనన్నారు. 2015లో పదివేల భాగాలు నిండాయి. అయినా ఆవిడ ఆపలేదు.

రోజూ మాటలే అయితే విసుగురాదా అని మీకు అనిపించవచ్చు. దానికి నాకు తెలిసిన జవాబు వంటింట్లో ఉంది.

పాలు తోడుపెట్టడం చూశారుగా? సలసల కాగే పాలలో చుక్క వేస్తే విరిగిపోతాయి. చల్లారిపోయిన పాలలో వేస్తే తోడుకోవు. గోరువెచ్చగా ఉండాలి. మా చిన్నప్పుడు మా మేనత్త గిన్నె పక్కన కూర్చుని చిటికెనవేలు ముంచి చూసేది. ఇంకా కాదనుకుంటే ఊరుకునేది. సరేననుకుంటే అరచెంచా పెరుగు వేసి మూతపెట్టేది. ఇక ఆ గిన్నెను ఎవరూ కదపకూడదు. బడి నుంచి ముఖం వేలాడేసుకుని వస్తే మాతోనూ అంతే. ఏం జరిగిందని వెంటనే అడిగేది కాదు. చేతిలో ఇంత బెల్లంముక్క పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ పక్కనే ఉండేది. కాసేపటికి మేమే మొదలుపెట్టేవాళ్లం. మేష్టారి మాట, దెబ్బలాట, పోయిన బలపం అన్నీ బయటికొచ్చేవి. మధ్యలో ఆవిడ "ఊఁ" అనేది, "అప్పుడూ?" అనేది. అంతకుమించి ఆవిడ గొంతు వినబడేది కాదు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెల్లం వాసన వస్తుంది.

టెట్సుకో గారి గదిలో జరిగేదీ ఇదే. అతిథి రాకముందే సిబ్బంది వివరాలు సేకరించి ఇస్తారు. ఆవిడ అవన్నీ చదివి, తన చేత్తో కాగితాల మీద రాసుకుని సిద్ధమవుతుంది. పాలు కాచి ఉంచడం అది. కాగితం మీద ఎంతో ఉన్నా, ఒకసారికి వేసేది ఒక్క ప్రశ్న, అరచెంచా. రికార్డు చేశాక కత్తిరింపులు చేయకుండా ప్రసారం చేయడం ఆ కార్యక్రమం పద్ధతి. అతిథి తడబడినా, మాట వెతుక్కుంటూ ఆగిపోయినా అలాగే కనిపిస్తుంది. గిన్నె కదపడం లేదన్నమాట. ఇంకో సంగతి: నిన్నటి పెరుగే ఇవాళ్టికి తోడు. ఇక్కడ ఫలానావాళ్లు మనసువిప్పి మాట్లాడారని నిన్న చూసిన మనిషి, ఇవాళ తనే వచ్చి కూర్చుంటే కాస్త ధైర్యంగా నోరు విప్పుతాడు. అన్ని వేల రోజులు అలా ఒకదాన్నుంచి ఒకటి తోడుకుంటూ వచ్చాయి.

మరి వినడం ఆవిడకు ఎవరు నేర్పారు? అది మీరు చదివిన పుస్తకంలోనే ఉంది, వెనక్కి తిప్పి చూడండి. మొదటి బడి నుంచి పంపేస్తే అమ్మ ఆ పిల్లను తొమోయె బడికి తీసుకెళ్లింది. ప్రధానోపాధ్యాయుడు కోబయాషి గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకు తోచిందంతా చెప్పమన్నారు. ఆ పిల్ల నాలుగు గంటలు చెప్పింది. చెప్పడానికి ఇంకేమీ మిగలనంతసేపు! ఆయన ఆవులించలేదు, విసుక్కోలేదు. 1945లో బాంబులు పడి ఆ బడి కాలిపోయింది. ఆ నాలుగు గంటలు మాత్రం ఆ పిల్లలో ఉండిపోయాయని, పెద్దయ్యాక వేలమందికి వాటిని తిరిగి ఇచ్చిందని నా నమ్మకం. ఒక చిన్నపిల్ల మాట వినడం ఎంతదూరం పోతుందో చూడండి! ఇది ఎలా జరుగుతుందో విడమరిచి చెప్పడం నా వల్ల కాదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే వేస్తుంది.

మీ ఇద్దరూ ఒకరి మాట పూర్తికాకుండా ఒకరు అందుకుంటారని అమ్మ చెప్పింది. పొద్దున టిఫిన్ దగ్గర నాని చెబుతుంటే బుజ్జి ఆగాలి, బుజ్జి చెబుతుంటే నాని ఆగాలి. పెద్ద కష్టమేం కాదు.

ఇప్పుడు మీకో పని. టీవీలో ఎవరైనా ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. మాట్లాడేవాళ్లను వదిలేసి, అడిగినవాళ్ల ముఖం చూడండి. వాళ్ల కళ్లు ఎటున్నాయి? కాగితం మీదా, కెమెరా మీదా, ఎదుటి మనిషి మీదా? చేతులు ఏం చేస్తున్నాయి? ఎవరు నిజంగా వింటున్నారో, ఎవరు తర్వాతి ప్రశ్న కోసం కాచుకుని ఉన్నారో చూసి నాకు వివరంగా రాయండి.

మీ
తాతయ్య