జోధ్‌పూర్ వెళ్తున్న నా మనవలకు

చిత్తూరు

చిరంజీవులు పెద్దోడికీ, చిట్టితల్లికీ తాత దీవెనలు.

సంక్రాంతి సెలవులకు మీ నాన్న జోధ్‌పూర్ టికెట్లు తీశాడని విని చాలా సంతోషపడ్డాను. "ఎడారి ఊళ్లో చూడ్డానికి ఏముంటుంది తాతా, ఇసకా ఒంటెలేగా?" అని ఫోన్‌లో అడిగారు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. రైల్లో బోలెడంత పొద్దు ఉంటుంది, అప్పుడు చదువుకోండి.

అసలు జోధ్‌పూర్ ఊళ్లో ఇసక తిన్నెలే ఉండవు. అవి కావాలంటే ఓసియాన్ వైపు బండి మాట్లాడుకుని వెళ్లాలి. ఊరంతా రాతిగుట్టల మీద ఉంది. పది లక్షలు దాటిన జనం. ఏడాది పొడుగునా కురిసే వాన మాత్రం సుమారు 36 సెంటీమీటర్లే. కరువు సీమ అనిపించుకున్న మనకే అంతకు రెండింతలు పడుతుంది. దగ్గర్లో చెప్పుకోదగ్గ నది కూడా లేదు. అలాంటి చోట ఒక రాజధాని దాదాపు ఐదు వందల ఏళ్లు ఎలా నిలబడింది? చెరువుల పనులు చూసే ఉద్యోగంలో బతికినవాణ్ణి కాబట్టి, ఆ ఊళ్లో తిరుగుతున్నంతసేపూ నాకు ఇదే ధ్యాస. మీరూ ఏది చూసినా, దీనికి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి అని ఒకసారి అడగండి. ఊరు వేరేగా కనిపిస్తుంది.

మొదట మెహ్రాన్‌గఢ్ కోట. 1459లో రావు జోధా అనే రాజు మండోర్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి, సుమారు 400 అడుగుల గుట్ట మీద కోట మొదలుపెట్టాడు. ఆ గుట్ట మీద చీరియానాథ్‌జీ అనే సాధువు ఉండేవాడట. కోట కోసం ఆయన్ను ఖాళీ చేయిస్తే, "నీ కోటకు నీళ్లు లేకుండా పోవాలి" అని శపించాడని అక్కడివాళ్లు కథ చెప్తారు. కథ సంగతెలా ఉన్నా, జోధా రాణి జస్మాదే హాడీ కోట కిందనే రాణీసర్ అనే చెరువు తవ్వించింది. గైడు రాజుల కత్తులూ అంబారీలూ పల్లకీలూ అన్నీ చూపిస్తాడు, చూడండి, బాగుంటాయి. గోడల మీద ఫిరంగి గుండ్లు తగిలిన గుంటలు కూడా చూపిస్తాడు. రాణీసర్ మాత్రం మీరు అడిగి చూపించుకోవాలి.

కోట నిలబడ్డ రాయిని కూడా చూడండి. కింద ఉన్నది ఎప్పుడో సుమారు 75 కోట్ల ఏళ్ల నాటి లావా గట్టిపడిన రాయి, దాని మీద ఇసకరాయి పొరలు. ఆ రెండూ కలిసే చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. మన తిరుమల ఘాట్‌రోడ్డులో కొండ కోసిన చోట కనిపించే రాతిపొరల హద్దుకూ, కొండ మీది శిలాతోరణానికీ ఉన్న గుర్తింపే అది. తిరుపతి పిల్లలై ఉండి ఆ రాయి ముందు ఫోటో దిగకుండా రావద్దు.

కోట పక్కనే రావు జోధా ఎడారి శిలా పార్కు ఉంది. ఒక్క పూటే టైముందంటే నేను అద్దాల మహళ్లు వదిలేసి ఇక్కడికే పొమ్మంటాను. మన చెరువుకట్టల మీద, బీళ్లలో ఎక్కడ చూసినా పెరిగే సర్కారు తుమ్మ తెలుసు కదా, అదే ఆ గుట్టల్నీ కమ్మేసింది. మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క. పై నుంచి కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పీకాలంటే అది రాతి సందుల్లో బిగుసుకుని ఉంటుంది. 2006లో సుమారు 70 హెక్టార్లలో ఆ కంపను తీసేయడం మొదలుపెట్టినప్పుడు, యంత్రాలతో కాని పనిని గనుల్లో రాయి కొట్టేవాళ్లు చేశారు. సుత్తితో రాయిని తట్టి, ఆ మోతను బట్టి ఎక్కడ పగులుతుందో కనిపెట్టి, ఉలితో గుంట తొలిచి వేరును పెకలించారు. ఆ గుంటల్లోనే ఆ నేలకు చెందిన గడ్డి, పొదలు, జెముళ్లు నాటారు. పార్కులో మీరు నడిచే దారుల్లో ఒకటి పాతకాలం కాలువ. గుట్టల మీద పడ్డ వాన చుక్కను కోట చెరువులకు చేర్చడానికి రాతిని నిలువునా తొలిచి చేశారు. అందులో నిలబడి రెండు పక్కలా గోడల మీద చెయ్యి పెట్టి చూడండి.

తర్వాత పాత ఊళ్లోని తూర్‌జీ కా ఝాల్‌రా, అంటే మెట్ల బావి. 1740ల్లో మహారాజా అభయ్ సింగ్ రాణి కట్టించింది. లోతు సుమారు 200 అడుగులు, అంతా ఎర్ర ఇసకరాయి. మెట్లు ముక్కోణాలుగా ఎదురెదురు దిగుతూ పోతాయి. చూడ్డానికి ముగ్గులా ఉంటుంది గానీ, అందం కోసమే కట్టింది కాదు. వానాకాలంలో నీళ్లు పైన, ఎండాకాలంలో ఎక్కడో కింద. ఏ మట్టంలో ఉన్నా బిందె ముంచడానికి కాలు మోపే మెట్టు ఉండాలి, అదీ లెక్క. అంత గొప్ప బావి దశాబ్దాల పాటు మురికినీటిలో మునిగి, ఈమధ్యే బాగుపడింది. ఎందుకు పాడుబడిందంటే, ఇందిరాగాంధీ కాలువ నుంచి ఎత్తిపోసిన నీళ్లు ఊరికి వచ్చాయి. కుళాయి తిప్పితే నీళ్లొస్తుంటే బావి వైపు చూసేదెవరు? తోడేవాళ్లు లేక భూగర్భజలం పైకి ఉబికి, ఎడారి నగరంలో ఇళ్ల సెల్లార్లలోకి నీళ్లు చేరాయి. తిరుపతికి తెలుగుగంగ వచ్చాక మన బావులు ఏమయ్యాయో నాకు తెలుసు కాబట్టి, ఈ సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అక్కడి కుర్రాళ్లు గట్టు మీద నుంచి దూకుతుంటారు, మీరు దూకకండి.

ఉమైద్ భవన్ బయటి నుంచి చూసినా, మ్యూజియం చూసినా చాలు. 347 గదుల ఆ భవనాన్ని 1929లో మొదలుపెట్టింది కరువులో జనానికి కూలి దొరకాలని. మన ఉపాధి హామీ పని లాంటిదే అనుకోండి. 1943 దాకా సాగింది.

చిట్టితల్లీ, నీకు నచ్చేది ఒకటి చెప్తాను. మోక్లావాస్ దగ్గర అర్నా ఝర్నా అనే చోట చీపుర్ల మ్యూజియం ఉంది. జానపద విజ్ఞానంలో పేరు మోసిన కోమల్ కోఠారీ ఆలోచన. ఏ నేలలో ఏ గడ్డి పెరుగుతుందో, దానితో ఏ చీపురు కడతారో, ఎవరు కడతారో అక్కడ తెలుస్తుంది.

మనం దసరాకు పూజించే జమ్మి అక్కడ ఖేజ్‌డీ. 1730లో అభయ్ సింగ్ మనుషులు కోట పనులకు కట్టెల కోసం ఖేజర్లీ ఊరి జమ్మిచెట్లు కొట్టబోతే, చెట్లనూ జంతువులనూ కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయీల ఇల్లాలు అమృతాదేవి చెట్టును కావలించుకుంది. ఆమెతో కలిపి 363 మంది ప్రాణాలిచ్చారు. జోధ్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరం. మీ నాన్న టైము లేదంటాడేమో, నేను చెప్పానని చెప్పి తీసుకెళ్లమనండి. ఆ చెట్ల కాయల్నే సాంగ్రీ అంటారు. వాటిని ఎండబెట్టి, కేర్ అనే పొద కాయలతో కలిపి కేర్ సాంగ్రీ కూర వండుతారు. నీళ్లు దొరకని రోజుల్లో మజ్జిగతో వండుకునే అలవాటు వాళ్లది.

గంటాఘర్, అంటే గడియారం గోపురం, దగ్గరి బజారులో మిర్చీ వడ తినండి. మన బజ్జీకి అన్నలాంటిది, లోపల ఆలుగడ్డ కూర దట్టించి ఉంటుంది. పెద్దోడు కారం తట్టుకోలేడు కాబట్టి వెంటనే మఖనియా లస్సీ తాగించండి.

జనవరిలో పొద్దునా రాత్రీ బాగా చలి, స్వెట్టర్లు మర్చిపోవద్దు. మధ్యాహ్నం ఎండకు టోపీలు. పార్కుకు తెల్లారగానే వెళ్లండి. బావిలో నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో పై నుంచి లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యండి. అవ్వకు ఎండు సాంగ్రీ పావు కిలో తెండి, వండి చూస్తానంటోంది.

ఇట్లు
మీ తాత