వ్యాయామం, మనసు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాళ్లనీ నడుమనీ వచ్చేవాళ్లు కాసేపు మాట్లాడాక టెన్షన్, కోపం, నిద్ర పట్టకపోవడం గురించి చెప్పుకొస్తారు. వాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: చెమట ఎంత కారితే మనసు అంత తేలికవుతుంది.
వాస్తవం: ఊపిరి అందనంత వేగంగా చేస్తే, చేస్తున్నంతసేపూ చాలామందికి చిరాకే. ఆపాక బాగానే ఉంటుంది గానీ మర్నాడు మళ్లీ వెళ్లబుద్ధి కాదు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడిస్తే చాలు. మే నెల ఎండల్లో మాత్రం పొద్దెక్కకముందే ముగించాలి.

అపోహ: కోపం వస్తే పరుగెత్తాలి, లేదంటే పంచింగ్ బ్యాగ్‌ను గుద్దాలి.
వాస్తవం: కుర్రాళ్లు దీన్ని గట్టిగా నమ్ముతారు. కానీ కోపంలో గుండె అప్పటికే వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, కండరాలు బిగుసుకుని ఉంటాయి. పరుగు దాన్ని ఇంకా ఎగదోస్తుంది. 154 అధ్యయనాలను కలిపి చూసి 2024లో ప్రచురించిన ఒక సమీక్షలో, ఒంటిని ఉద్రేకపరిచే పనులతో కోపం తగ్గలేదని తేలింది. తగ్గించినవి నెమ్మదిగా తీసుకునే ఊపిరి, ధ్యానం, యోగా లాంటివి. దిగులుకు పరుగు మంచిదే. కోపానికి కాదు.

అపోహ: బరువులెత్తేది కండల కోసమే.
వాస్తవం: బరువుల వ్యాయామంతో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయని 33 ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి పరిశోధన చెప్పింది. బలం పెద్దగా పెరగనివాళ్లలోనూ తగ్గాయి.

అపోహ: పొలం పని, ఇంటి పని ఉండగా వేరే వ్యాయామం ఎందుకు?
వాస్తవం: రోజంతా శనక్కాయ చేలో వంగి కలుపు తీసి వచ్చిన ఆమెను ఇంకా నడవమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఒంటికి పని సరిపోయే ఉంటుంది. మనసు సంగతి వేరు. ఆ పనిలో వేగమూ విరామమూ ఆమె చేతిలో ఉండవు, వాన పడుతుందో లేదో అన్న దిగులు వెంటే ఉంటుంది. తీరిక వేళ ఇష్టంగా చేసే వ్యాయామానికీ మంచి మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధం కూలి పనిలో, ఇంటి పనిలో అలా కనిపించడం లేదు. అందుకే అలాంటివాళ్లకు కష్టమైన వ్యాయామాలు చెప్పను. సాయంత్రం తోటివాళ్లతో ఓ పావుగంట మెల్లగా నడవండి, నడుము సాగదీయండి అంటాను. వెంట వచ్చిన భర్తకో కొడుకుకో కూడా ఒక మాట చెప్తాను: ఆ పావుగంట పొయ్యి మీరు చూసుకోండి.

అపోహ: వ్యాయామం మొదలుపెట్టాం కాబట్టి డిప్రెషన్ మాత్రలు ఆపేయొచ్చు.
వాస్తవం: దయచేసి ఆ పని చేయొద్దు. ఉన్నట్టుండి మానేస్తే ఇబ్బందులు వస్తాయి, ఆ నిర్ణయం డాక్టరుతో కలిసే తీసుకోవాలి. రెండు వారాలకు పైగా దేనిమీదా మనసు నిలవకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.