పాదం మాట, తల మాట: కొరింథు లేఖలో దేహ రూపకం

"లతాలలనలు రాజుపై కుసుమాక్షతలు చల్లారు" అన్న ఉదాహరణను వల్లె వేయించి, రూపకమంటే మాటకు పెట్టిన మెరుగు మాత్రమేనన్నట్టు వదిలేయడం మన బడి పాఠాలలో అలవాటు. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ తమ గ్రంథంలో ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చారు. రూపకం ఆలోచనకే ఆధారమనీ, అది ఎన్నుకున్న అంశాలను ముందుకు తెచ్చి తక్కినవాటిని మరుగుపరుస్తుందనీ వారి వాదన. తొలితరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు క్రీ.శ. 50ల మధ్యకాలంలో ఎఫెసు నుంచి గ్రీకు నగరమైన కొరింథులోని క్రైస్తవ సంఘానికి రాసిన, బైబిల్లో మొదటి కొరింథు లేఖగా ఉన్న ఉత్తరం 12వ అధ్యాయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

సమాజాన్ని దేహంతో పోల్చడం పౌలు కనిపెట్టినది కాదు. క్రీ.పూ. 494లో రోము సామాన్యులు అలిగి నగరం విడిచి వెళ్లినప్పుడు, మెనేనియస్ అగ్రిప్ప వారికి ఒక కథ చెప్పాడని చరిత్రకారుడు లివీ రాశాడు. పొట్ట ఊరికే కూర్చుని తింటున్నదని తక్కిన అవయవాలు సమ్మె చేసి, చివరికి తామే చిక్కి శల్యమయ్యాయట. పొట్ట అంటే పాలకవర్గం, కాబట్టి సామాన్యులు తిరిగి పనిలోకి రావాలన్నది కథ సారం.

పౌలు అదే దేహాన్ని తీసుకుని బరువును అటునుంచి ఇటు మార్చాడు. కొరింథు సంఘంలో బానిసలూ స్వతంత్రులూ కలిసి ఉండేవారు. యేసును స్మరిస్తూ కలిసి తినే ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుగా తాగేవాడని 11వ అధ్యాయమే చెబుతుంది. అందుకే ఇక్కడ అవయవాలు రెండు రకాలుగా మాట్లాడతాయి. "నేను చేతిని కాను గనుక దేహంలో దాన్ని కాను" అని పాదం చిన్నబుచ్చుకుంటుంది; "మీరు నాకక్కర లేదు" అని పాదాలతో అనే హక్కు తలకు లేదంటాడు. పాదం తనను కంటితో కాక చేతితోనే పోల్చుకోవడాన్ని నాలుగో శతాబ్దపు వ్యాఖ్యాత యోహాను క్రిసోస్తం పట్టుకున్నాడు: మనం అసూయపడేది అందనంత ఎత్తున ఉన్నవారిని చూసి కాదు, మనకంటే కాస్త పైనున్నవారిని చూసి. ఆపైన పౌలు బలహీనమైన అవయవాలే మరింత అవసరమంటాడు, మరుగుపరచవలసిన భాగాలకే మనం ఎక్కువ శ్రద్ధగా బట్ట కప్పుతామని గుర్తుచేస్తాడు. మెనేనియస్ కథలో పొట్టకు దక్కిన గౌరవం ఇక్కడ సిగ్గుపడే అవయవానికి దక్కింది. ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడతాయన్న మాట కూడా ఇందులోంచే పుట్టింది. కాలిలో ముల్లు దిగితే కంట నీరు రావడం ఎవరికి తెలియదు?

కొరింథులో రోగాలు నయంచేసే గ్రీకు దేవుడు అస్క్లేపియస్ ఆలయంలో మట్టితో చేసిన చేతులు, పాదాలు, చెవులు మొక్కుబడులుగా దొరికాయి గనుక, పౌలుకు ఈ ఊహ వాటిని చూసే తట్టిందని కొందరు అంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది గానీ, అవి అతనికి కొన్ని శతాబ్దాల ముందే గోతుల్లో పూడిపోయిన వస్తువులు.

కొరింథు లేఖలో తల కూడా అవయవాలలో ఒకటే, దానికి ప్రత్యేక అధికారం లేదు. పౌలు పేరుతోనే ఉన్నా అతని రచన కాదని చాలామంది పండితులు భావించే బైబిల్లోని కొలస్సయి, ఎఫెసీ లేఖలలో మాత్రం క్రీస్తు తల, సంఘం దేహం. కీళ్లూ నరాలూ ఆ తల నుంచే పోషణ పొంది దేహాన్ని పెంచుతాయి. తలను తక్కిన దేహం నుంచి ఇలా విడదీయగానే, పక్కపక్కన ఉన్న అవయవాల మధ్య సంబంధం పైనుంచి కిందికి నడిచే సంబంధంగా మారింది. ఎఫెసీ లేఖ 5వ అధ్యాయం దాన్ని నేరుగా ఇంట్లోకి తీసుకువెళ్లి, క్రీస్తు సంఘానికి శిరస్సైనట్టే భర్త భార్యకు శిరస్సని చెబుతుంది.