గిటారు మెడకు ఆ కాస్త వంపు ఎందుకు?

ఎలక్ట్రిక్ గిటారును శ్రుతి చేసి, వాయించే భంగిమలో ఒళ్లో పెట్టుకోండి. మెడ మీద అడ్డంగా దిగి ఉన్న లోహపు మెట్లే ఫ్రెట్లు. మొదటి ఫ్రెట్ మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు, బిగించండి. కుడిచేత్తో అన్నిటికన్నా లావు తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టండి. బిగువుగా లాగిన తీగ తిన్నగా ఉండక తప్పదు కనుక ఇప్పుడు మెడ పొడవునా ఒక స్కేలు ఆనించినట్టే. ఎడమచేతి వేలితో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ఆ తీగను మెల్లగా తట్టండి. ‘టిక్’ మని సన్నని చప్పుడు వచ్చిందంటే తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఉంది, అంటే మెడ కాస్త ముందుకు వంగి, నడుమ తీగకు దూరంగా ఉంది. చప్పుడు రాలేదంటే మెడ నిటారుగా అయినా ఉండాలి, వెనక్కి అయినా వంగి ఉండాలి.

గిటారు మెడ బాణంలా తిన్నగా ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి వాయిద్యానికి ఆ సందు కావాలి. ఫెండర్ కంపెనీ తన గిటార్లలో ఎక్కువ వాటికి సూచించే కొలత 0.010 అంగుళం, అంటే సుమారు పావు మిల్లీమీటరు. మంద్ర స్వరాలు పలికే బేస్ గిటారుకు ఇంకొంచెం ఎక్కువ. కారణం తీగ కదలికలోనే ఉంది. మీటిన తీగ రెండు కొసల దగ్గర కదలదు, నడుమ బాగా ఊగుతుంది. ఆ ఊపు కింద మెడ కూడా అంతే మెత్తగా లోపలికి ఒంగి దారి ఇస్తే స్వరం శుభ్రంగా పలుకుతుంది. దారి ఇవ్వకపోతే తీగ ఫ్రెట్లకు కొట్టుకుని జుయ్యిమని మోగుతుంది. బేస్ తీగ లావైనది, ఊపు పెద్దది. దానికి చోటు ఎక్కువ కావాలనడంలో వింత లేదు.

ఈ వంపును తెచ్చేది తీగల లాగుడే. మామూలు ఎలక్ట్రిక్ గిటారుకు కట్టే ఆరు తీగలూ కలిసి సుమారు 45 కిలోల బరువంత బలంతో లాగుతాయి. తీగ పొడవు 34 అంగుళాలు ఉండే బేస్‌లో నాలుగు తీగల లాగుడు 70 కిలోలు దాటుతుంది. ఒక మనిషి ఆ చెక్కకు రాత్రింబవళ్లు వేలాడుతున్నట్టు ఊహించుకోండి! పైగా తీగలు మెడకు ఎగువన ఉంటాయి కాబట్టి ఆ బలం మెడను ముందుకు వంచుతూనే ఉంటుంది.

దీనికి విరుగుడుగా మెడ లోపల ఒక ఉక్కు ఊచ ఉంటుంది. దాని పేరు ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థేడియస్ మెక్‌హ్యూ దీనికి 1923లో పేటెంటు పొందారు. గట్టి మేపుల్ చెక్కకు ఊచ అక్కర్లేదనుకున్న లియో ఫెండర్ 1950లో తన తొలి గిటార్లను అది లేకుండానే చేశారు, కొద్ది నెలలకే మనసు మార్చుకున్నారు. పాత పద్ధతి ఫెండర్ మెడ వెనుక నిలువునా కనిపించే ముదురు రంగు చెక్క చార ఆ నిర్ణయానికి ఆనవాలు. ఊచను దించిన గాడిని అక్కడ పూడ్చారు.

పాత తరహా ఊచను నడుమ కిందికి దిగేలా కాస్త వంపుగా అమర్చుతారు. కొసన ఉన్న నట్టును బిగిస్తే ఊచ తిన్నబడాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో మెడ నడుమ భాగాన్ని తీగల వైపు ఎత్తుతుంది. ఇంత చిన్న ఏర్పాటు అంత లాగుడును నిలవరిస్తుంది, నాకు ఇప్పటికీ అబ్బురమే. మన వీణలో ఈ ఊచ లేదు. అక్కడ మెట్లు మైనంలో కూర్చినవి, తేడా వస్తే మైనం కరిగించి మెట్లనే సరిచేస్తారు. గిటారులో ఫ్రెట్లు చెక్కలో దిగి ఉంటాయి, కదలవు. అందుకే మెడనే సరిచేయాలి.

ఒకసారి సరిచేస్తే సరిపోతుందా అంటే, చెక్క ఊరుకోదు. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది. మేపుల్ మెడ మీద ఫ్రెట్లు దిగే రోజ్‌వుడ్ పలక అతికించి ఉంటే రెండూ ఒకేలా స్పందించవు, జంట లోహాల పట్టీలాగా మెడ వంగుతుంది. ఎండాకాలంలో చక్కగా పలికిన గిటారు వానాకాలంలో గరగరమనడానికి తరచు కారణం ఇదే. లావు తీగలకు మారినా లాగుడు పెరిగి వంపు మారుతుంది.

నట్టుకు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వంపు తగ్గుతుంది, అటునుంచి ఇటు తిప్పితే పెరుగుతుంది. సరిగ్గా పట్టే అలెన్ కీ కావాలి. పట్టు వదులైతే నట్టు అంచులు అరిగిపోతాయి, ఆ తరువాతి మరమ్మతు చాలా కష్టం. ఒక్కసారికి పావు చుట్టు మించవద్దు. బిగుసుకుపోయి తిరగకపోతే బలం పెట్టకుండా పనివాడి దగ్గరికి తీసుకెళ్లండి.

తీగల ఎత్తు తగ్గించడానికి ఈ నట్టును తిప్పడం నేను చూసిన పొరపాట్లలో అన్నిటికన్నా పెద్దది. ఎత్తు పని, తీగలు గిటారు ఒంటిమీద ఆనే చోటైన బ్రిడ్జ్‌ది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో మాత్రమే గరగర వస్తుంటే మెడ మరీ తిన్నగా ఉందేమోనని అనుమానించాలి. పన్నెండో ఫ్రెట్ దాటాక వస్తుంటే ఊచను ముట్టుకోకండి, కారణం బ్రిడ్జ్ దగ్గరో, పైకి లేచిన ఒక ఫ్రెట్‌లోనో ఉండవచ్చు.

పావు చుట్టు తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, అదే కేపో పెట్టి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర మళ్లీ తట్టండి. చెక్క సర్దుకోవడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, మర్నాడు పొద్దున ఇంకోసారి తట్టి చూసేదాకా రెండో పావు చుట్టు జోలికి వెళ్లకండి.