దూబగుంట నుంచి పేపర్ కటింగ్ దాకా

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దున ఆరున్నరకల్లా ఒక పేపర్ కటింగ్ పడుతుంది. పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, కావలసిన ముక్క చుట్టూ ఎర్రగీత గీసి పెడతారు. కాలువ పూడిక, కరెంటు కోత, బడికి బెంచీలు ఇచ్చిన దాత. మొదటి పేజీ జోలికి ఎవరూ పోరు. 'మన ఊరు పేపర్లో పడింది' అన్నదే అసలు వార్త. ఈ అలవాటు ఫోన్లతో వచ్చిందనుకుంటాం గానీ, దీన్ని నేర్పింది పేపర్లే, ఫోన్లు రాకముందే.

అంతకుముందు మనలో ఎక్కువమందికి వార్త అంటే చదివేది కాదు, వినేది. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రిక అయిన తర్వాత కూడా పల్లెకు పేపర్ వస్తే గొప్ప. వచ్చినా గ్రంథాలయానికో, ఏ పెద్దల ఇంటికో. ఒకరు గట్టిగా చదువుతుంటే పదిమంది అరుగు మీద కూర్చుని వినేవారు, మధ్యలో అడ్డుపడి అడిగేవారు. తర్వాత పంచాయతీ ఆఫీసులో రేడియో వచ్చింది. 'ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్' అని ఢిల్లీ నుంచి గొంతు వినపడగానే మాటలు ఆగిపోయేవి. ఆ వార్తల్లో మన తాలూకా పేరు వినపడాలంటే మాత్రం తుఫానో, రైలు ప్రమాదమో జరగాలి.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అప్పటిదాకా అక్కడివాళ్లు విజయవాడలో అచ్చైన పేపర్ల కోసం ఎదురుచూసేవారు, పొద్దెక్కాక గానీ అవి చేతికి వచ్చేవి కావు. ఇది తెల్లారేసరికి గుమ్మంలో పడింది. కానీ నా లెక్కలో అంతకన్నా పెద్ద మార్పు 1989లో వచ్చింది. ఈనాడు జిల్లాకో చిన్న పేపర్ విడిగా అచ్చేసి మెయిన్ పేపర్‌లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. జనం దాన్ని టాబ్లాయిడ్ అనీ, జిల్లా పేపర్ అనీ అన్నారు. మండలానికో కంట్రిబ్యూటర్, అంటే వార్తలు రాసి పంపే స్థానిక మనిషి. రాసింది ఎంత అచ్చయితే అంత మేరకు డబ్బు. పెళ్లిళ్ల సీజన్‌లోనూ వార్త వెతికి తెచ్చేవాళ్లు పుట్టుకొచ్చారు.

దీని బలం తెలిసింది నెల్లూరు జిల్లాలో. అయితే కథ పేపర్‌తో మొదలుకాలేదు. 1991 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44 శాతం, ఆడవాళ్లలో 33 శాతం కూడా లేదు. ఆ ఏడాదే నెల్లూరులో అక్షరదీపం అనే సర్కారు అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడులు పెట్టారు. పొలం పని, వంట పని అయ్యాక ఆడవాళ్లు వచ్చి లాంతరు వెలుగులో కూర్చునేవారు. తాగి వచ్చే మొగుడితో పడే బాధ వాచకంలోనే పాఠంగా ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారాకు అడ్డం తిరిగారు. ఆ సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అన్న పాఠమై ఇంకో వాచకంలో అచ్చైంది. అంటే దూబగుంట వార్తను పక్క ఊళ్లకు మోసిన మొదటి పత్రిక సర్కారు చదువుల పుస్తకమే! సారా మీద ఆదాయం తీసుకునేది కూడా ఆ సర్కారే.

1992లో ఊరూరా సారా దుకాణాలు మూతపడ్డాయి, నెల్లూరులో సారా వేలం పదేపదే వాయిదా పడింది. ఈనాడు దీనికి రోజూ పేజీ కేటాయించింది. అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్ గనక ఆ పేపర్ అంత ఉత్సాహం చూపిందన్నవారూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేదనలేం. కానీ నెల్లూరు జిల్లా పేజీలో ఆగిపోవాల్సిన వార్త హద్దు దాటి మిగతా జిల్లాలకు పోవడం కూడా అంతే నిజం. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1980లలో ప్యాకెట్ సారా 'వారుణి వాహిని' వచ్చింది ఆయన హయాంలోనే. 1997లో నిషేధం ఎత్తేశారు.

ఆ తర్వాత మిగతా పేపర్లూ జిల్లా పేజీల దారే పట్టాయి. 2008లో వచ్చిన సాక్షి కూడా జిల్లా ఎడిషన్లతోనే దిగింది. పేజీలు జిల్లా నుంచి నియోజకవర్గానికి, అక్కడి నుంచి మండలానికి కుంచించుకుపోయాయి. నెల్లూరులో పేపర్ విప్పిన మనిషికి పక్కనే ఉన్న ఒంగోలు కబురు దొరకడం కష్టమైంది. మన ఊరు అచ్చులోకి వచ్చింది, పక్క ఊరు పోయింది. ఇప్పుడు ఇంకో దూబగుంట జరిగినా పక్క జిల్లా ఆడవాళ్లకు ఏ పేజీలో కనపడుతుంది?

2020 లాక్‌డౌన్‌లో పేపర్ ముట్టుకోవడానికే భయపడ్డారు. చాలా పత్రికలు టాబ్లాయిడ్ ఆపేసి జిల్లా వార్తల్ని మెయిన్‌లోకి సర్దాయి. పీడీఎఫ్‌లు గ్రూపుల్లో తిరిగాయి, వాటి నుంచి కత్తిరించిన ముక్కలు ఇంకా ఎక్కువ తిరిగాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలయ్యాక జిల్లా పేజీల హద్దులు మళ్లీ మారాయి.

మొన్న మా గ్రూపులో పడిన కటింగ్ చెరువు కట్ట తెగిందని. పేపర్ పేరు లేదు, తేదీ లేదు, ఎర్రగీత మాత్రం ఉంది. పరుగెత్తి వెళ్లిన ఇద్దరికి కట్ట నిక్షేపంగా కనపడింది. అది ఏ ఏడాది పేపరో గ్రూపులో ఎవరికీ తెలియలేదు.