మూసీ మొదలు వెతుక్కుంటూ ఎగువకు

మూసీ ఎక్కడ పుట్టిందంటే అనంతగిరి కొండల్లో అని హైదరాబాద్‌లో స్కూలు పిల్లలు కూడా చెప్తారు. అనంతగిరిలో సరిగ్గా ఎక్కడ అని అడిగితే మాత్రం తలా ఒక చోటు చూపిస్తారు. కొందరు అనంతపద్మనాభస్వామి గుడి కింది లోయ అంటారు. కొందరు బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గరున్న ఊట అంటారు. గొర్లు కాసేవాళ్లని అడిగితే అడవిలో ఇంకో వాగు వైపు చెయ్యి చూపిస్తారు. నది పట్టుకుని ఎగువకు నడిచినకొద్దీ వీళ్లెవరి మాటా కొట్టిపారేయలేమని నాకు నమ్మకం కుదిరింది. అది ఎందుకో చెప్పాలంటే ముందు కాళ్ల కింది రాళ్ల సంగతి చూడాలి.

గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగుల ఎత్తులో ఉంటుంది. మీటర్లలో దాదాపు 545. మూసీ పుట్టే కొండల ఎత్తు సుమారు 660 మీటర్లు. కొండల నుంచి గండిపేట దాకా నది దిగేది 115 మీటర్లే. అందులోనూ చాలా భాగం మొదట్లో, కొండ దిగేటప్పుడే అయిపోతుంది. అందుకే శంకర్‌పల్లి, నవాబుపేట దగ్గర మూసీకి తొందర ఉండదు. ఎండాకాలంలో వెళ్తే ఇసుక, సర్కారు తుమ్మ, అక్కడక్కడ పాచి పట్టిన మడుగులు కనిపిస్తాయి. చాలాచోట్ల ఇది నది అని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు.

హైదరాబాద్ బండలు గ్రానైట్. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పడమరకు వెళ్తున్నకొద్దీ ఆ గుండ్రటి గుట్టలు పల్చబడి, చేలల్లో మన్ను నల్లగా మారుతుంది. దక్కన్ లావా ప్రాంతం అంచు అది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావానే ఈ బసాల్ట్ రాయి. అది అరిగితే నల్లరేగడి అవుతుంది. లావా ఒక్కసారిగా పారలేదు. ఒక పొరకీ ఇంకో పొరకీ మధ్య చాలా విరామం ఉండేది. ఆ విరామాల్లో చెరువులు ఏర్పడ్డాయి, వాటి చుట్టూ జంతువులు బతికాయి. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో అలాంటి చెరువు మట్టిని జల్లించినప్పుడు బుల్లి పళ్లు దొరికాయి. డైనోసార్ల కాలంలో మన దేశంలో బతికిన పాలిచ్చే జంతువుకి అవి తొలి సాక్ష్యమని 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సహ్ని ప్రకటించారు. దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. ఎలుకంత జీవి అది. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద సంగతి ఉన్నా హైదరాబాద్‌లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

వికారాబాద్ దాటి ఘాట్ ఎక్కగానే నేల మళ్లీ రంగు మారుతుంది. ఈసారి ఎర్రగా, ఇటుక పొడిలా. ఇది లాటరైట్. మూసీ కథంతా ఇక్కడే ఉంది.

లాటరైట్ ఎక్కడి నుంచో వచ్చి కొండ మీద పడిన రాయి కాదు. కింద ఉన్న బసాల్టే మారి ఇలా అయింది. వేడిగా ఉండే చోట బాగా వానలు పడి, తర్వాత బాగా ఎండి, మళ్లీ వానలు పడుతూ లక్షల ఏళ్లు గడిస్తే, రాయిలోని సిలికా, కాల్షియం, మెగ్నీషియం లాంటివి నీళ్లలో కరిగి వెళ్లిపోతాయి. ఇనుము, అల్యూమినియం అంత తేలిగ్గా కరగవు కాబట్టి మిగిలిపోతాయి. ఆ ఎరుపు ఇనుముది. కరిగిపోయిన చోట్ల సన్నటి గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. లాటరైట్ ముక్క చేతిలోకి తీసుకుని చూస్తే ఆ బొరియలు కంటికే కనిపిస్తాయి. కొండపైన పడిన వాన ఈ బొరియల్లోంచి చాలా వేగంగా కిందికి దిగిపోతుంది. కొంత లోతుకు వెళ్లాక మెత్తటి జిగట మన్ను ఎదురవుతుంది. రాయి పూర్తిగా లాటరైట్‌గా మారకుండా సగంలో ఆగిపోయిన పొర అది. అందులోంచి నీళ్లు అంత సులువుగా దిగవు. జల్లెడ కింద పళ్లెం పెట్టినట్టు ఆ పొర మీద నీళ్లు నిలుస్తాయి, పక్కకు జారుకుంటాయి. ఆ పొర కొండ వాలులో ఎక్కడ బయటపడితే అక్కడ ఊట పుడుతుంది. అనంతగిరి చుట్టూ, ఇంచుమించు ఒకే ఎత్తులో, చిన్న చిన్న తడి చోట్లు కనిపించడం వెనకున్న పద్ధతి ఇదే. వాన వెలిసిన వారాలకు కూడా అక్కడ మన్ను చెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మను నమ్ముకునే మొక్కలు అక్కడే గుంపుగా పెరుగుతాయి.

ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ అనే బీడు కొండల మీద కూడా నదులు ఇలాగే ఒక చోటంటూ చూపించలేని విధంగా మొదలవుతాయి. అక్కడ చల్లటి తడిలో పూర్తిగా కుళ్లని మొక్కల పొర గ్రానైట్ మీద పేరుకుని ఉంటుంది. దాన్ని పీట్ అంటారు. రాయి వేరు, వాతావరణం వేరు. కానీ డార్ట్ నది మొదలు చూద్దామని వెళ్లినవాళ్లకి కనిపించేది అడుగు దిగబడే తడి నేలే.

ఈ తడి అంచు ఏడాదంతా ఒకేచోట ఉండదు. ఆగస్టులో భూమిలోని నీటిమట్టం పైకి లేస్తుంది, దానితోపాటు పాయల మొదళ్లు కూడా వాలు మీద పైకి జరుగుతాయి. మేలో అవే కిందికి దిగిపోతాయి, కొన్ని మాయమవుతాయి. అందుకే వానాకాలంలో ఒకరు చూసిన మూసీ మొదలు, వేసవిలో ఇంకొకరు చూసిన మొదలు ఒకటి కావు. నదుల్ని చదివేవాళ్లు ఏ ఉపనదీ కలవని తొట్టతొలి పాయని మొదటి తరగతి పాయ అంటారు. ఈ లెక్కని 1945లో హోర్టన్ మొదలుపెట్టాడు, 1952లో స్ట్రాలర్ సరళం చేశాడు. ఒక నదీ వ్యవస్థలోని పాయలన్నిటి పొడవు కలిపితే అందులో సగానికి పైగా ఈ మొదటి తరగతి పాయలదే ఉంటుంది. వాటికి పేర్లుండవు, మ్యాపుల్లో చాలావరకు గీతలు కూడా ఉండవు.

నేల మొత్తం నానిపోయాక కుండపోత పడితే ఈ పాయలన్నీ ఒకేసారి పారతాయి. 1908 సెప్టెంబర్ 28న జరిగింది అదే. ఎగువన 200కు పైగా చెరువులు తెగి హైదరాబాద్ మీద పడ్డాయి, వేల మంది చనిపోయారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

కొండపైన ఇంకో విషయం ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. తూర్పు వాలు మీద పడిన చినుకు మూసీలోకి వస్తుంది. పడమటి వాలు మీద పడింది కాగ్నాలోకి పోతుంది. తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి భీమలో కలిసి, భీమతో కృష్ణకు చేరి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటుకుని మిర్యాలగూడ దగ్గరి వాడపల్లికి వస్తుంది. మూసీ తన 240 కిలోమీటర్లు నడిచి కృష్ణలో కలిసేది అక్కడే. కొండ నెత్తి మీద పక్కపక్కనే పడి విడిపోయిన చినుకులు కలుసుకునేది కూడా అక్కడే.

మరి ఈ మొదలుని కాపాడాలంటే దేన్ని కాపాడాలి? 1996లో వచ్చిన జీవో 111 జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమల మీద, పెద్ద కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో వచ్చిన జీవో 69 ఆ ఆంక్షల్ని ఎత్తేసింది. నిజానికి ఆ 10 కిలోమీటర్ల గీత ఉన్నప్పుడు కూడా అనంతగిరి దానికి చాలా దూరంలోనే ఉంది. 2024 అక్టోబర్‌లో ఇదే వికారాబాద్ జిల్లాలో, పూడూరు మండలం దామగుండం అడవిలో నేవీ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. దానికి కేటాయించిన భూమి దాదాపు 2,900 ఎకరాలు. దాని మీద వాదనలన్నీ చెట్ల లెక్క చుట్టూ తిరిగాయి. చెట్ల లెక్క అవసరమే. కానీ ఎర్రమట్టి నీళ్లు తాగే గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా పట్టు. వేళ్లు, రాలిన ఆకులు, చీమలు, చెదలు కలిసి ఆ నేలని గుల్లగా ఉంచుతాయి. రోలర్ ఎక్కించి చదును చేసినా, రిసార్ట్ పార్కింగ్ కోసం కాంక్రీటు పోసినా ఆ నీళ్లు లోపలికి దిగకుండా పైపైనే జారిపోతాయి. వానాకాలంలో వరద పెరుగుతుంది, వేసవిలో ఊట తగ్గుతుంది.

సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ అనే కార్యక్రమం నడిచింది. ఊటని బాగుచేయాలంటే ఊట దగ్గర తొట్టి కడితే సరిపోదని గుర్తించి, దానికి నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో రాళ్ల పొరల్ని బట్టి కనిపెట్టి, పైన ఆ వాలు మీద వాన ఇంకేలా కందకాలు తవ్వారు. అనంతగిరిలో ఆ పని మొదలుపెట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఊట కింద బకెట్ పెట్టి, ఎన్ని సెకన్లకు నిండిందో వాచీ చూసి రాసుకోవాలి. ప్రతి నెలా రాసుకోవాలి. వికారాబాద్ కాలేజీల పిల్లలు చేయగలిగిన పని ఇది. రెండు మూడేళ్ల అంకెలు చేతికొస్తే, ఏ ఊటకి ఏ వాలు నీళ్లిస్తోందో వెతకడానికి భూగర్భ శాస్త్రవేత్తలకు మంచి ఆధారం దొరుకుతుంది.