పెద్దవాళ్ళ ఫాంటసీ నవలలు: ర్యాక్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక పుస్తకాల షాపులో ఇంగ్లీషు ఫాంటసీ ర్యాక్ చూసుకునేది నేనే. రోజూ అవే ప్రశ్నలు. జవాబు మొదలెట్టేలోపు బిల్లింగ్ దగ్గర ఇంకెవరో పిలుస్తారు, సగంలో వదిలేసి పోతా. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

అపోహ: ఫాంటసీ అంటే పిల్లల పుస్తకాలే కదా

టోల్కీన్ రాసి 1937లో వచ్చిన హాబిట్ పిల్లల పుస్తకమే, ఒప్పుకుంటా. కానీ 1954-55లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అలా కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర పోరాడొచ్చిన మనిషి రాసిందది, అందులో గెలిచి ఇంటికొచ్చాక కూడా ఆ ఊళ్ళో ఇమడలేకపోయే ఫ్రోడో ఉంటాడు చూడండి, పన్నెండేళ్ళప్పుడు ఆ చివరి పేజీలు గబగబా తిప్పేస్తాం, నలభై దాటాక అక్కడే ఆగిపోతాం.

ఇంకా మంచి ఉదాహరణ అర్సులా లెగ్విన్. 1968లో ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ రాసినప్పుడు పబ్లిషర్ అడిగింది టీనేజ్ వాళ్ళ కోసమే, ఆవిడ రాసిచ్చింది కూడా అదే. తర్వాత 1971లో టూంబ్స్ ఆఫ్ ఆటువాన్, అందులో టెనార్ అనే చిన్న పూజారిణి. మళ్ళీ 1990లో టెహాను అని ఇంకోటి రాసింది, అదే టెనార్ ఇప్పుడు నడివయసు మనిషి, రైతు భార్యగా బతికి భర్త పోయి ఒంటరిగా ఉంటుంది, సొంతవాళ్ళే చిత్రహింస పెట్టి మంటల్లో పడేసిన ఒక పాపని పెంచుకుంటుంది. మొదటి పుస్తకంలో సముద్రాలు దాటిన మహా మాంత్రికుడు గెడ్ శక్తులన్నీ పోగొట్టుకుని, ఎవరికీ మొహం చూపించలేక ఆ ఇంటికి చేరతాడు. ఇక కథంతా పొలం, మేకలు, వంట, ఊళ్ళో మగాళ్ళంటే భయం, తిన్న కంచం ఎవరు తీయాలన్న గొడవ కూడాను. డ్రాగన్ ఉంది, లేదనట్లా. అప్పట్లో ఇదేం ఫాంటసీ అని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం ఈ ర్యాక్ మొత్తంలో పెద్దవాళ్ళ పుస్తకం ఏది అంటే మొదట చెయ్యి పోయేది దీని మీదకే. అయితే మొదటి రెండూ చదవకుండా నేరుగా ఇది తీసుకోకండి, బరువు తెలియదు.

అపోహ: అడల్ట్ ఫాంటసీ అంటే రక్తం, బూతు, బెడ్రూమ్ సీన్లు

ఇది టీవీ సీరియల్ పుణ్యం. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్ నవల 1996లోనే వచ్చింది, అందులో అవన్నీ ఉన్నాయి, కానీ ఆ పుస్తకాన్ని నిలబెట్టింది అవి కాదు, ఒక మంచి మనిషి పద్ధతిగా ఉండి తప్పు అంచనా వేస్తే ఎంతమంది చస్తారో అది.

ర్యాక్‌లో ఏది ఎక్కడ పెట్టాలో నేను చూసేది ఒకటే, మాయ జరిగాక దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో కథ పట్టించుకుంటుందా లేదా. ఎన్.కె. జెమిసిన్ రాసిన ది ఫిఫ్త్ సీజన్ చూడండి. భూకంపాల్ని అదుపు చేయగల మనుషులు ఉంటారు, ఊళ్ళని కాపాడేదీ వాళ్ళే, జనం చంపేదీ వాళ్ళనే. ఒక తల్లి ఇంటికొచ్చేసరికి చిన్న కొడుకుకి ఆ శక్తి ఉందని తెలిసి తండ్రే కొట్టి చంపేసి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. కథ అక్కడ మొదలవుతుంది, అదీ ఆ తల్లిని నువ్వు, నువ్వు అని పిలుస్తూ. మొదటి యాభై పేజీలు తికమకే, ఓపిక పట్టండి. ఈ సీరీస్ మూడు పుస్తకాలకీ వరసగా 2016, 2017, 2018లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, అలా వరసగా మూడేళ్ళు ఉత్తమ నవల అవార్డు అంతకుముందు ఎవరికీ రాలేదు.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ది గోబ్లిన్ ఎంపరర్ ఉంది, క్యాథరిన్ అడిసన్, 2014. చక్రవర్తీ, పెద్ద కొడుకులూ ఒకే ప్రమాదంలో పోతారు, ఎక్కడో మూల పడేసిన చిన్న కొడుకు వచ్చి సింహాసనం మీద కూర్చోవాలి, దర్బారు మర్యాదలు తెలీవు, ఎవర్ని నమ్మాలో తెలీదు. యుద్ధాల్లేవు, బెడ్రూమ్ లేదు. ఆఫీసులో కొత్తగా పెద్ద పోస్టు వచ్చినవాళ్ళకి ఇస్తుంటా, బాగా పట్టేస్తుంది.

రక్తం ఉన్నా దానికో లెక్క ఉండే పుస్తకాలూ ఉన్నాయి. ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన ది పాపీ వార్ 2018లో వచ్చింది, స్కూలు కథలా మొదలై 1937లో చైనాలో జరిగిన నాన్‌జింగ్ మారణకాండ నీడలోకి వెళ్ళిపోతుంది. ఇది అడిగినవాళ్ళకి ముందే చెప్తా, మధ్యలో ఒక అధ్యాయం చాలా కష్టం అని.

అపోహ: కవర్ చూస్తే ఏ వయసుకో తెలిసిపోతుంది

తెలీదు! పన్నెండేళ్ళ పాపకి పుట్టినరోజు గిఫ్ట్ అని కవర్ మీద పువ్వులూ కిరీటాలూ చూసి ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్ తీసుకునే తల్లిదండ్రుల్ని చాలాసార్లు ఆపాల్సొచ్చింది. 2015లో అది టీనేజ్ విభాగంలోనే వచ్చింది, తర్వాత కవర్లు మార్చి పెద్దల విభాగంలోకి తెచ్చారు. పుస్తకం తప్పని కాదు, పెద్దవాళ్ళది, అంతే. ఆడవాళ్ళు ఇలాంటి రొమాన్స్ ఫాంటసీలే చదువుతారన్న మాట కూడా నిజం కాదు, మా దగ్గర జెమిసిన్‌ని అడిగి తీసుకునేది ఎక్కువ ఆడవాళ్ళే.

అపోహ: లావు పుస్తకం, పది భాగాలు, పూర్తికాని సీరీస్ తప్ప ఇంకేం ఉండవు

"అన్నా, మళ్ళా మార్టిన్ లెక్క మధ్యల ఆపేటోళ్ళది ఇయ్యకు" అని ముందే షరతు పెడతారు. న్యాయమే, గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరీస్‌లో అయిదో భాగం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. కానీ రాబిన్ హాబ్ ఫార్సీర్ కథ 1995 నుంచి 1997 లోపు మూడు పుస్తకాల్లో అయిపోయింది, రాజకుమారుడి అక్రమ సంతానంగా పుట్టిన కుర్రాణ్ణి కోటలోనే హంతకుడిగా తయారుచేసే కథ, తెలుగులో కుటుంబ నవలలు ఇష్టపడి చదివినవాళ్ళు దీనికి ఏడుస్తారు. వీల్ ఆఫ్ టైమ్ 14 భాగాలు, రచయిత రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోతే ఆయన వదిలిన నోట్స్‌తో బ్రాండన్ శాండర్సన్ 2013కి ముగించాడు. నిజం చెప్పాలంటే మధ్య భాగాలు సాగతీతే.

అసలు ఫాంటసీ ఎప్పుడూ ముట్టనివాళ్ళకి సీరీస్ ఎందుకండీ. సుజానా క్లార్క్ పిరనేసి (2020) ఇవ్వండి, మూడొందల పేజీలు కూడా లేదు, అంతులేని గదులూ విగ్రహాలూ ఉన్న ఇంట్లో, కింది అంతస్తుల్లో సముద్రం పోట్లెత్తుతుంటే, ఒక మనిషి డైరీ రాసుకుంటుంటాడు, అంతే. 2021లో విమెన్స్ ప్రైజ్ వచ్చింది. లేదా నోబెల్ వచ్చిన కజువో ఇషిగురో రాసిన ది బరీడ్ జెయింట్ (2015), కొడుకుని వెతుక్కుంటూ బయల్దేరిన ముసలి మొగుడూ పెళ్ళాం, దేశం మీదంతా మతిమరుపు పొగమంచు. ఆ మంచు తొలగితే పాత ఊచకోతలన్నీ మళ్ళీ గుర్తొస్తాయి, తొలగాలా వద్దా అన్నదే కథ. సాహిత్యం మాత్రమే చదువుతాం అనే పెద్దమనుషులకి ఏమీ చెప్పకుండా ఇదే చేతిలో పెడతా.

అపోహ: ఫాంటసీ తెల్లవాళ్ళది, మనదంటే పురాణాల రీటెల్లింగే

16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం రాశాడు, పూర్వజన్మలూ, కథలో కథలూ, అదీ తను అల్లుకున్న కథే గానీ పురాణం నుంచి తెచ్చుకున్నది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు 12 భాగాలు. వీటి ముందు పెట్టి చూస్తే మనకి మాయ కొత్తేం కాదు. రీటెల్లింగులు మా షాపులో వేరే ర్యాక్‌లో ఉంటాయి, భక్తితో కొనేవాళ్ళని డ్రాగన్ల పక్కన నిలబెట్టడం నాకిష్టం లేదు.

ఇప్పటివాళ్ళలో ఇంద్రప్రమిత్ దాస్ రాసిన ది డివౌరర్స్ ఉంది, కోల్‌కతాలో మొదలై మొఘలుల కాలానికి వెళ్ళే తోడేలు మనుషుల కథ, లైంగిక హింస ఉంటుంది, చూసుకుని తీసుకోండి. తాషా సూరి జాస్మిన్ థ్రోన్ (2021). శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర రాసిన ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్ (2023) ఇంకా పైమెట్టు, హ్యూగో లాంటిదే నెబ్యులా అవార్డు దీనికి వచ్చింది. మహాత్ముడిగా జనం కొలిచే తండ్రిని చంపడానికే తల్లి పెంచిన కొడుకు పెద్దయ్యాక ఆ పని వదిలేసి పట్నంలో బతుకుతుంటాడు, అక్కడ తనలాగే దేవుడి పనికి పుట్టీ చివరికి ఎంపిక కానివాళ్ళందరికీ ఒక సపోర్ట్ గ్రూప్ ఉంటుంది! అల్లర్లు, కర్ఫ్యూలు, కులం కాగితాల్లాంటి కాగితాలు, చదువుతుంటే పరాయి దేశం అనిపించదు.

కొనేముందు ఒక మాట. ఫుట్‌పాత్ మీద దొరికే పైరేటెడ్ కాపీల్లో ముందుండే మ్యాపులు నల్లగా అలుక్కుపోయి ఉంటాయి, లావు పుస్తకాలైతే మధ్యలో ఫారాలే, అంటే పేజీల కట్టలే, ఎగిరిపోతాయి. క్లార్క్ రాసిన పెద్ద నవల జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్‌లో ఫుట్‌నోట్లే సగం మజా, చిన్న ఫోన్ స్క్రీన్ మీద అవి చదవడం నరకం, దాన్ని మాత్రం పేపర్ మీదే చదవండి. పేజీలు తిప్పి ఫుట్‌నోట్ల అక్షరాలు కళ్ళజోడు లేకుండా కనిపిస్తున్నాయో లేదో చూసుకుని మరీ బిల్లు వేయించుకోండి.